తోక నిలబెట్టి వచ్చే పిల్లి

జుక్కల్ చుట్టుపక్కల పల్లెల్లో పాత పెంకుటింటికి పిల్లి ఒకటి ఉండనే ఉంటుంది. కామారెడ్డి జిల్లాకు ఇది పడమటి కొస. ఒక దిక్కు మహారాష్ట్రలోని దెగ్లూర్, ఇంకో దిక్కు కర్ణాటకలోని ఔరాద్. నల్లరేగడి భూములు. వానకాలం పెసర, మినుము, సోయా, కంది. యాసంగికి శనగ, జొన్న. పంట సంచుల్లోకెక్కి ఇల్లు చేరిందంటే ఎలుకలూ పందికొక్కులూ వాసన పట్టి వస్తాయి, వాటి కోసం పిల్లి వస్తుంది. దాన్ని ఎవరూ కొనుక్కురారు, ఎవరూ కట్టెయ్యరు. ఇంత పాలో పెరుగన్నమో పెడితే ఉంటుంది, పెట్టకున్నా ఉంటుంది.

ఆ పిల్లి ఇంటి మనిషిని చూసి దగ్గరికి వచ్చే తీరును నిదానంగా గమనించండి. కొట్టం గోడ మీంచి దూకినప్పుడు తోక కిందికే ఉంటుంది. వాకిట్లో నాలుగడుగులు వేసి, వచ్చింది తెలిసిన మనిషేనని గుర్తుపట్టగానే తోక మొదట్నుంచి లేచి నిట్టనిలువుగా నిలబడుతుంది. కొసన అంగుళం మేర మాత్రం పక్కకు వంగి ఉంటుంది. అలాగే నడుచుకుంటూ వచ్చి మన పిక్కకు చెంప రాస్తుంది, ఆ తర్వాత పక్కటెముకలు రాస్తుంది, చివరికి తోకను కాలికి చుట్టి ముందుకు పోతుంది. పాల కోసం వచ్చిందనుకుంటాం. గిన్నె ఖాళీగా ఉన్నా, కడుపు నిండి ఉన్నా అది చేసే పని అదే. నిలబెట్టిన తోక పలకరింపు. పిల్లుల మీద జరిగిన పరిశోధనల్లో నా మనసుకు బాగా పట్టిన సంగతి ఇది: ఎదిగిన పిల్లి ఇలా పలకరించడం అడవిలో పుట్టిన అలవాటు కాకపోవచ్చు. ధాన్యం పక్కన, మనుషుల పక్కన బతకడం మొదలయ్యాక అబ్బినట్టుంది.

మన ఇళ్ళలోని పిల్లికి మూలం ఫెలిస్ లిబికా అనే ఆఫ్రికా అడవిపిల్లి. పశ్చిమాసియాలో సుమారు పదివేల ఏళ్ళ కింద గోధుమ, బార్లీ సాగు మొదలై, గింజ నిల్వ చేసుకునే ఊళ్ళు వెలిసినప్పుడు ఆ అడవిపిల్లులు ఎలుకల కోసం ఊళ్ళ అంచులకు చేరాయి. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ళ నాటి ఒక సమాధిలో మనిషి అస్థిపంజరానికి కాస్త దూరంలో పిల్లి అస్థిపంజరం బయటపడిందని ఫ్రాన్స్ పురావస్తు శాస్త్రవేత్తలు 2004లో ప్రకటించారు. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు. అంటే ఎవరో పడవలో వెంట తెచ్చుకున్నారన్నమాట. 2007లో వందల పిల్లుల డీఎన్‌ఏ పోల్చి చూసినప్పుడూ ఇంటిపిల్లి వంశం పశ్చిమాసియాకే చేరింది.

అడవిపిల్లిది ఒంటరి బతుకు. దాని హద్దుల్లోకి ఇంకో పిల్లి రాదు, వస్తే పోట్లాట. ఎదుటిదాన్ని మంచిగా పలకరించాల్సిన అవసరం దానికి ఎన్నడో గానీ పడదు. ధాన్యం కుప్పల దగ్గర సంగతి వేరు. ఎలుకలు దండిగా ఉన్న చోటికి పది పిల్లులు చేరతాయి, రోజూ ఒకదానికొకటి ఎదురుపడతాయి. గోళ్ళూ కోరలూ ఉన్న జంతువులు ఎదురుపడిన ప్రతిసారీ కొట్టుకుంటే ఏదీ మిగలదు. అందుకే, దగ్గరికి రాకముందే దూరం నుంచి కనబడే సైగ ఒకటి కావాల్సి వచ్చింది. అలాంటిది పిల్లికూనల దగ్గర సిద్ధంగా ఉంది. నడక నేర్చిన కూన తల్లిని చూడగానే తోక లేపి ఎదురు పరుగెడుతుంది. మొదటి వారాల్లో కూన తనంతట తాను మలమూత్రాలు విడవలేదు. తల్లి దాని తోక కింద నాకితేనే ఆ పని జరుగుతుంది. తల్లి ముందు తోక లేవడానికి మూలం అక్కడే ఉండొచ్చు. అడవిపిల్లి ఎదిగాక ఈ సైగను వదిలేస్తుంది. పెద్దయ్యాక అది తోక లేపేది చెట్టుకో పొదకో మూత్రం చిమ్మి గుర్తు పెట్టుకునేటప్పుడే. ఇంటిపిల్లి మాత్రం కూనగా ఉన్నప్పటి సైగను బతుకంతా దాచుకుంది. తల్లికి చూపించినదాన్ని తోటి పిల్లులకు, ఆ తర్వాత మనకు చూపించడం మొదలుపెట్టింది.

జుక్కల్‌లో ఈ తేడా ఊహించుకోవడానికి దూరం పోనక్కర్లేదు. కౌలాస్ కోట చుట్టూ గుట్టలు, కౌలాస్ నాలా ప్రాజెక్టు కింద పొలాలు, నిజాంసాగర్ దిక్కుకు పోతే చెరుకు తోటలు. తుప్పలు, నీళ్ళు, ఎలుకలు మూడూ ఉన్న ఇలాంటి చోట్లే జంగపిల్లికి ఇష్టం. ఇది ఇంటిపిల్లికి దగ్గరి చుట్టం గానీ మూలం మాత్రం కాదు. పొడుగు కాళ్ళు, ఇసుక రంగు ఒళ్ళు, చెవి కొసన చిన్న నల్ల కుచ్చు. తోక పొట్టిది, ఒంటి పొడవులో మూడో వంతుకు అటూ ఇటూ. దాని చివర నల్ల పట్టీలు ఉంటాయి. తెల్లారగట్ల నీళ్ళు పెట్టడానికి పోయిన రైతుకు కనబడితే క్షణం నిలబడి చూస్తుంది, తోక కిందికి పెట్టి చెరుకులోకి దూరుతుంది. ఊళ్ళోని పిల్లి అదే రైతును చూసి తోక నిలబెట్టి వాకిట్లోకి వస్తుంది. ఆ రెండు తోకల నడుమ వేల ఏళ్ళ వ్యవసాయం ఉంది.

తోక లేపడం నిజంగా పలకరింపేనా, మనం అలా అనుకుంటున్నామా అన్న అనుమానం రావాల్సిందే. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో షార్లెట్ కామెరాన్-బోమాంట్ 1990లలో దీన్ని చక్కగా తేల్చింది. నల్ల కాగితంతో నిజం పిల్లి అంత బొమ్మలు కత్తిరించి గోడకు అంటించింది. కొన్ని బొమ్మలకు తోక నిలువుగా ఉంది, కొన్నిటికి కిందికి ఉంది. వాసన లేదు, అరుపు లేదు, కళ్ళూ చెవుల కదలికా లేదు. ఉన్న తేడా అంతా తోకలోనే. తోక లేపిన బొమ్మను చూసిన పిల్లులు తామూ తోక లేపి వేగంగా దాని దగ్గరికి నడిచాయి. తోక దించిన బొమ్మ ముందు వెనకాడాయి. ఇంత తక్కువ సామానుతో ఇంత స్పష్టమైన జవాబు రాబట్టిన ప్రయోగాలు అరుదు.

రోమ్ నగరంలో వీధిపిల్లుల గుంపును గమనించి సిమోనా కఫాట్సో, యూజీనియా నటోలి 2009లో ఈ సంగతిని ఇంకో మెట్టు ఎక్కించారు. తోక లేపడం తర్వాత ముక్కులు ఆనించుకోవడం, ఒళ్ళు రాసుకోవడం జరుగుతోంది. గుంపులో కింది స్థాయి పిల్లి పై స్థాయి పిల్లికి ఎక్కువగా తోక లేపుతోంది, పైదాని నుంచి కిందిదానికి తక్కువ. ‘నీతో నాకు తగాదా లేదు’ అని ముందే తెలియజేసి ఎదుటిదాని కోపాన్ని ఆపే సైగ అని వాళ్ళు తేల్చారు. మన ముందు పిల్లి తోక లేపిందంటే ప్రేమ ఉంది, దానితోపాటు ఇంత మర్యాద కూడా ఉందని నాకు అనిపిస్తుంది.

ఇన్ని కదలికలకు ఆ తోకలో ఏముందో చూద్దాం. సాధారణంగా 18 నుంచి 23 వెన్నుపూసలు. మొదట్లో పెద్దవి, కొసకు పోను పోను చిన్నవి. నడుము దగ్గరి కండరాల నుంచి సన్నని స్నాయువులు బయల్దేరి, కొయ్యబొమ్మకు దారాలు కట్టినట్టు, ఒక్కో పూసకూ విడిగా అతుక్కుని ఉంటాయి. అందుకే పిల్లి తోక మొత్తాన్ని ఆడించగలదు, మధ్యలో వంచగలదు, మిగతాదంతా కదలకుండా కొస ఒక్కదాన్నే తిప్పగలదు. వీటికి కావాల్సిన నరాలు వెన్నుపాము చివరి భాగం నుంచి వస్తాయి. మూత్రాశయానికి, పెద్దపేగు చివరకు పోయే నరాలు కూడా ఆ దగ్గర్లోనివే. ఈ సంగతి కాసేపట్లో మళ్ళీ అవసరం పడుతుంది.

తోకకు మాట కంటే ముందు పని ఉంది, తూకం. 1998లో అచ్చయిన ఒక పరిశోధనలో పిల్లుల్ని సన్నని దూలం మీద నడిపించి, నడిమధ్యలో దూలాన్ని పక్కకు జరిపారు. దూలం జరగగానే పిల్లి తోకను దానికి ఎదురు దిక్కుకు విసిరి నడుమును మళ్ళీ దూలం మీదికి తెచ్చుకుంది. తోకకు పోయే నరాల దారి తెగిన పిల్లులు ఎక్కువసార్లు పడిపోయాయి. గోడ మీద నడిచే పిల్లి తోక అటూ ఇటూ పోతుంటే అందులో కోపమూ సంతోషమూ వెతకొద్దు, అది కాలు జారకుండా చూసుకుంటోంది. పైనుంచి పడేటప్పుడు గాలిలో తిరిగి కాళ్ళ మీద వాలడానికి మాత్రం తోక తప్పనిసరి కాదు. తోకలేని మాంక్స్ జాతి పిల్లులూ అలాగే వాలతాయి.

ఇప్పుడు అసలు పొరపాటు జరిగే చోటికి వద్దాం. మా పక్కింట్లో ఒక సాయంత్రం ఆరేడేళ్ళ పిల్ల అరుగు మీద కూర్చుని ఒడిలో పిల్లిని నిమురుతోంది. మొదట్లో పిల్లి కళ్ళు సగం మూసుకుని ఉంది, తోక అరుగు మీద వదులుగా పరుచుకుని ఉంది. కాసేపటికి తోక కొస ఒకసారి ఎగిరి పడింది. పిల్ల చెయ్యి వీపు మీదుగా తోక మొదట్లోకి పోయింది. కొస మళ్ళీ కదిలింది, ఈసారి ఆగలేదు. నడుము మీది చర్మం ఒక్కసారి అలలా జలదరించింది. తోక సగం నుంచి లేచి అరుగును టపటపా కొట్టడం మొదలైంది.

“అవ్వా, సూడు, పిల్లి తోకూపుతుంది. ఖుషీ అయ్యింది” అంది పిల్ల.

“ఖుషీ గాదు బిడ్డా, ఇడువు దాన్ని. కరుస్తది” అంది లోపల్నుంచి అవ్వ.

అవ్వ మాట ముగిసేలోపే చెవులు పక్కకు తిరిగాయి, పిల్లి మెడ తిప్పి చేతిని పళ్ళతో పట్టి వదిలి దూకిపోయింది. గాయం కాలేదు. చెప్పకుండా కరిచిందని పిల్ల ఏడ్చింది గానీ, పిల్లి నాలుగుసార్లు చెప్పింది.

ఈ పొరపాటు ఎక్కడి నుంచి వస్తుందో ఊహించడం కష్టం కాదు. అదే వాకిట్లో కుక్క ఉంది. అది తోక ఊపితే చాలాసార్లు సంతోషమే. పిల్లి తోక ఊపితే చాలాసార్లు చికాకు, లేదా లోపల రెండు కోరికల గుంజాట. చార్లెస్ డార్విన్ 1872లో మనుషుల, జంతువుల భావ ప్రకటన మీద రాసిన పుస్తకంలో దీన్ని బొమ్మలతో సహా వివరించాడు. కొట్టడానికి సిద్ధమైన పిల్లి ఒళ్ళు నేలకు ఆనించి, తోకను బారుగా చాపి అటూ ఇటూ కొడుతుంది. ప్రేమగా ఉన్న పిల్లి సరిగ్గా దానికి తిరగేసి, కాళ్ళు నిటారుగా పెట్టి వీపు కొంచెం పైకి వంచి తోక నిలబెడుతుంది. ఒక భావానికి ఒక భంగిమ కుదిరితే, దానికి ఎదురు భావానికి ఎదురు భంగిమ వస్తుందని అతని సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ఇప్పుడు అందరూ పూర్తిగా ఒప్పుకోరు. అతని పరిశీలన మాత్రం నూటయాభై ఏళ్ళ తర్వాతా ఏ వాకిట్లోనైనా సరిపోతుంది.

తోక మొదట్లో నిమరడం దగ్గరే ఆ పిల్లి ఓపిక ఎందుకు అయిపోయిందో కూడా పరీక్షించిన వాళ్ళున్నారు. 2015లో సారా ఎల్లిస్ బృందం పిల్లుల ఒంటి మీద ఎక్కడెక్కడ నిమిరితే ఎలా ఉంటాయో చూసింది. తోక మొదలు దగ్గర నిమిరినప్పుడే అయిష్టం ఎక్కువ కనబడింది. నుదురు, చెంపలు, గదవ కింద నిమిరితే చాలావరకు ఓర్చుకుంటాయి, ఇష్టపడతాయి. 2023లో ఫ్రాన్స్‌లో షార్లెట్ ద మూజాన్ ఒక పిల్లుల కాఫీ హోటల్లోని 12 పిల్లులతో ఇంకో ప్రయోగం చేసింది. మనిషి చెయ్యి చాపి పిలిచినప్పుడు, మాటతోనూ చేతితోనూ కలిపి పిలిచినప్పుడు అవి త్వరగా దగ్గరికి వచ్చాయి. మనిషి కదలకుండా, పలకకుండా కూర్చుంటే తోకలు ఎక్కువ ఊపాయి. ఈ మనిషికి ఏం కావాలో తెలియడం లేదన్న ఇబ్బంది ఆ ఊపులో ఉంది.

ఎలుక కన్నం ముందు పొంచి ఉన్న పిల్లిదీ తోక కొస ఆడుతుంది. అక్కడ కోపం లేదు, దూకాలా ఆగాలా అన్న ఉత్కంఠ ఉంది. అందుకే కదలికను ఒక్కదాన్నే పట్టుకోకుండా పిల్లి ఏ పనిలో ఉందో చూడాలి. ఒడిలో ఉన్నప్పుడు కొస ఆడితే మాత్రం సందేహం పెట్టుకోకుండా చెయ్యి తీసెయ్యడం మంచిది. పిల్లి పోతే పోనివ్వాలి. పల్లెటూరి పిల్లికి టీకాలు ఉండవు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. పిల్లి కరిచినా, గీరినా కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలి. రేబీస్ టీకా మొదలుపెట్టిన రోజు ఒకటి, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు మిగతావి. కుక్క కరిస్తే పరుగెత్తే ఇంట్లోనే పిల్లి కరిస్తే ఊరుకుంటారు. ఆ వ్యాధి రెండింటి కాటుతోనూ వస్తుంది.

భయపడిన పిల్లి తోక ఎవరికీ వివరించనక్కర్లేదు. కొత్త కుక్క గల్మలో కనబడగానే వీపు విల్లయి, తోక వెంట్రుకలు లేచి రెండింతల లావవుతుంది. ఒక్కో వెంట్రుక కుదుటి దగ్గర చిన్న కండరం ఉంటుంది. అడ్రినలిన్ పారగానే అవన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. చలికి, భయానికి మన చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకునేదీ ఇదే ఏర్పాటుతోనే. పిల్లికి ఇది కావాలని చేసే పని కాదు. హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ 1911లో పిల్లుల ముందు కుక్కను మొరిగించి, భయపడిన పిల్లి రక్తంలో అడ్రినలిన్ చేరుతుందని చూపించాడు. పోరాడడమో పారిపోవడమో అని ఇప్పుడు అందరం చెప్పుకునే ఆలోచన ఆ ప్రయోగాల్లోంచి ఎదిగిందే. పిల్లి అలా ఉబ్బినప్పుడు ఎత్తుకుని ఓదార్చాలని చూడొద్దు. దారి వదిలితే చాలు.

కుక్కా పిల్లీ ఎప్పటికీ ఒకదాని సైగ ఒకదానికి అర్థం కాక కొట్టుకుంటూనే ఉంటాయా అంటే, లేదు. ఇజ్రాయెల్‌లో 2008లో ఒకే ఇంట్లో పెరిగిన కుక్కల్నీ పిల్లుల్నీ గమనించిన పరిశోధకులకు, చిన్న వయసులో కలిసినవి ఎదుటి జాతి సైగల్ని నేర్చుకున్నట్టు కనబడింది. మన పల్లెల్లో ఒకే కొట్టంలో పెరిగిన కుక్కపిల్ల, పిల్లికూన ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోవడం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

దించిన తోక గురించి తొందరగా చెప్పేస్తాను. నడిచేటప్పుడు తోక కిందికి, కొంచెం వెనక్కి ఉంటే అది మామూలు నడక. కాళ్ళ మధ్యకు నొక్కుకుని ఒళ్ళు కుంగదీస్తే భయం, కొన్నిసార్లు నొప్పి. రోడ్డుకు అడ్డంగా పోయే పిల్లిని చూసి మనవాళ్ళు బండి ఆపి కాసేపు నిలబడతారు. ఆ పిల్లి తోక చూస్తే అది నేలకు దగ్గరగా ఉంటుంది. బయలులో దాక్కునే చోటు లేదని దానికీ గుబులే.

ఇంకో కదలిక ఉంది, చాలామంది దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. తోక నిట్టనిలువుగా లేచి, మొదలు నుంచి కొస దాకా సన్నగా వణుకుతుంది. గోడకు వెనక తిప్పి నిలబడి, వెనకకాళ్ళు మార్చి మార్చి తొక్కుతూ వణికిస్తే అది మూత్రం చిమ్మి హద్దు గుర్తు పెడుతోంది. మగపిల్లుల్లో ఇది ఎక్కువ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. పొద్దంతా పొలంలో ఉండి వచ్చిన మనిషికి ఎదురొచ్చి, మూత్రం చుక్క కూడా లేకుండా అదే వణుకు వణికిస్తే దాన్ని పట్టలేని సంబరంగా తీసుకోవచ్చు.

తోక మీద ఇంత చెప్పాక, తోకనే నమ్ముకోవద్దని కూడా చెప్పాలి. ఫోన్లలో తిరిగే పట్టికలు, ఒక్కో తోక భంగిమ పక్కన ఒక్కో భావం రాసి ఉన్నవి, నాకు నచ్చవు. 2021లో ఫ్రాన్స్‌లో బెర్ట్రాండ్ దెపూట్ బృందం పిల్లులు పిల్లులతో, పిల్లులు మనుషులతో మెలిగే తీరును విడివిడిగా నమోదు చేసింది. పిల్లులు రెండు కలిసినప్పుడు ఆ కలయిక మంచిగా ముగుస్తుందా లేదా అనేది తోక కంటే చెవుల వల్ల బాగా తెలిసింది. రెండింటికీ చెవులు నిటారుగా ఉంటే మంచిగా ముగిసింది. నిలబెట్టిన తోక ఎక్కువగా కనబడింది మనుషుల వైపు వచ్చేటప్పుడు. రోమ్ గుంపుకూ ఈ పిల్లులకూ తేడా ఎందుకు వచ్చిందన్నది తేలాల్సిన విషయమే. వీధిలో గుంపుగా బతికే పిల్లులు వేరు, ఒక చోట చేర్చి సాకే పిల్లులు వేరు. మొహం ఒక్కటే చూసి చెప్పడం మనకు ఇంకా కష్టం. కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం 2019లో ఆరువేలమందికి పైగా మనుషులకు పిల్లి మొహాల వీడియోలు చూపించి సంతోషమో అసంతోషమో చెప్పమంటే, సగటున 20లో 12 కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. తోక, చెవులు, ఒళ్ళు, చోటు కలిపి చూసే అలవాటు ఉన్న అవ్వ ఆ పరీక్షకు కూర్చుని ఉంటే ఎన్ని చెప్పేదో.

చివరిగా, అసలు కదలని తోక. పిల్లలు తోక పట్టి గుంజినా, తలుపు సందులో పడినా, బండి వెనక చక్రం తగిలినా తోక మొదట్లో పూసలు జారి నరాలు తెగేంతగా సాగుతాయి. పైకి గాయం కనబడదు. తోక మాత్రం తాడులా వేలాడుతుంది, పిల్లి తోక లేపకుండానే మలం విడిచి ఒళ్ళు పాడుచేసుకుంటుంది, లేదా మూత్రం రాక పొట్ట ఉబ్బుతుంది. తోక నరాలు, మూత్రాశయం నరాలు ఒకే చోటి నుంచి రావడమే కారణం. మూత్రం నిలిచిపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి ‘అదే నయమవుతుంది’ అని వదిలెయ్యకుండా పశువుల దవాఖానకు తీసుకుపోవాలి. డాక్టరు ముందుగా తోక మొదట్లో మెల్లగా గిల్లి చూస్తాడు. పిల్లి తిరిగి చూసినా, అరిచినా అక్కడ స్పర్శ ఉన్నట్టే. అలాంటి పిల్లి మళ్ళీ తనంతట తాను మూత్రం పోసుకునే స్థితికి వచ్చే అవకాశం బాగానే ఉంటుంది. అప్పటిదాకా రోజుకు మూడు నాలుగుసార్లు పొట్ట నొక్కి మూత్రం తీయడం ఎలాగో డాక్టరు దగ్గరే నేర్చుకుని ఇంట్లో చెయ్యాలి.